జర్మన్ చట్టంపై పరిశోధన ఎలా చేయాలి: ఒక్క తీర్పు నుంచి మూడు శాఖల్లోకి

న్యాయ సిద్ధాంతం, ప్రైవేటు చట్టం, రాజ్యాంగ చట్టం: ఈ మూడింటినీ మన న్యాయ కళాశాలల్లో వేరు వేరు పేపర్లుగా చదువుతాం. ఎల్‌ఎల్‌ఎం వ్యాసానికో పీహెచ్‌డీకో జర్మనీని ఎంచుకున్న విద్యార్థి కూడా ఆ అలవాటు ప్రకారమే మూడింటిలో ఒకటి తీసుకొని మిగిలిన రెండింటినీ పక్కన పెట్టేస్తాడు. జర్మన్ చట్టం విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. ఒక ఇంటి కిరాయి తగాదా కూడా అక్కడ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లగలదు, ఆ తీర్పును సమర్థించేవారూ ఖండించేవారూ కూడా అసలు చట్టమంటే ఏమిటన్న సిద్ధాంతం దగ్గరకే చివరికి చేరుకుంటారు. అందువల్ల శాఖను ఎంచుకోకండి, ప్రశ్నను ఎంచుకోండి. ఆ ప్రశ్న మూడు శాఖల గుండా ఎలా సాగుతుందో చూపడానికి, ఒక సినిమాను బహిష్కరించమన్న పిలుపుపై జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1958 జనవరి 15న వెలువరించిన ల్యూట్ తీర్పును ఉదాహరణగా తీసుకొని, పరిశోధనలోని ప్రతి మెట్టునూ కింద వివరిస్తున్నాను. మీ ప్రశ్న వేరైనా మెట్లు ఇవే.

ముందుగా ప్రశ్నను ఇరుకు చేయండి

"జర్మనీలో ప్రాథమిక హక్కులు" అన్నది అంశమే తప్ప ప్రశ్న కాదు. "ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య నడిచే వ్యాజ్యంలో న్యాయమూర్తి ప్రాథమిక హక్కులను ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి, దానికి ఆధారం ఏమిటి" అన్నది ప్రశ్న. ప్రశ్న ఇలా తయారైతే ఏ చట్టపాఠం తెరవాలో వెంటనే తెలుస్తుంది. జర్మనీ రాజ్యాంగమైన మూల చట్టం, అంటే గ్రుండ్‌గెజెట్జ్, 1వ అధికరణ 3వ క్లాజులో ప్రాథమిక హక్కులు శాసనాధికారాన్ని, కార్యనిర్వాహకాధికారాన్ని, న్యాయాధికారాన్ని నేరుగా బంధిస్తాయని చెబుతుంది. పౌరులను బంధిస్తాయని చెప్పదు. మరోవైపు సివిల్ కోర్టు న్యాయమూర్తి కూడా న్యాయాధికారంలో భాగమే. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఒత్తిడిలోనే మీ పరిశోధన పుడుతుంది. దాన్ని ఒక పేజీలో, మీ సొంత తెలుగులో రాసిపెట్టుకోండి. ఆ పేజీ రాయలేకపోతే ప్రశ్న ఇంకా తయారు కాలేదని అర్థం, అప్పుడు పుస్తకాలు ఎన్ని తిరగేసినా దారి దొరకదు.

చట్టపాఠాన్ని తేదీతో సహా చదవండి

మీకు కనీసం రెండు పాఠాలు కావాలి. మొదటిది 1949 మే 23న ప్రకటితమైన గ్రుండ్‌గెజెట్జ్. రెండోది 1896లో ఆమోదం పొంది 1900 జనవరి 1న అమల్లోకి వచ్చిన పౌర స్మృతి, దాన్ని అందరూ బీజీబీ అనే పిలుస్తారు. ఈ స్మృతిలో సెక్షన్ల సంఖ్యలు 2385 దాకా సాగుతాయి. అవి ఐదు పుస్తకాలుగా విడివడ్డాయి: సాధారణ భాగం, రుణబంధాల చట్టం, ఆస్తి చట్టం, కుటుంబ చట్టం, వారసత్వ చట్టం. మొదట సాధారణ భాగం ఎందుకు పెట్టారో అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే. ఒప్పందం, వ్యక్తి, కాలపరిమితి వంటి భావనలను అక్కడ ఒక్కసారే నిర్వచించి, మిగిలిన నాలుగు పుస్తకాల్లో వాటినే వాడుకుంటారు. కాబట్టి ఒక అమ్మకం తగాదాకు జవాబు ఒకే చోట దొరకదు. మూడు నాలుగు చోట్ల ఉన్న సెక్షన్లను కలిపి చదవాలి.

జర్మన్ చట్టాలను ఫెడరల్ న్యాయ మంత్రిత్వ శాఖ తరఫున నడిచే "గెజెట్జె ఇమ్ ఇంటర్నెట్" అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవవచ్చు. గ్రుండ్‌గెజెట్జ్, బీజీబీలకు అక్కడే ఇంగ్లిష్ అనువాదాలు కూడా ఉన్నాయి. అయితే ఆ సైట్‌లో ఉండేది నేటి పాఠం. మీ తీర్పు ఇచ్చిన నాటి పాఠం అది కాకపోవచ్చు. ఈ జాగ్రత్త ఎందుకో ల్యూట్ కేసే చూపిస్తుంది. ఫిర్యాదుదారు ఎరిష్ ల్యూట్ రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లినప్పుడు పౌరుడు అలా ఫిర్యాదు చేసుకునే హక్కు గ్రుండ్‌గెజెట్జ్‌లో లేదు. 1951లో వచ్చిన రాజ్యాంగ న్యాయస్థాన చట్టంలో మాత్రమే ఉంది. 1969లో దాన్ని 93వ అధికరణలోకి తెచ్చారు. 2024 డిసెంబరులో జరిగిన సవరణతో ఆ నిబంధన 94వ అధికరణలోకి మారింది. పాత వ్యాసాల్లో 93 అని, కొత్త వ్యాసాల్లో 94 అని కనిపిస్తే రెండింట్లో ఒకటి తప్పని తొందరపడకండి. అదే విధంగా, బీజీబీలోని రుణబంధాల భాగాన్ని 2002 జనవరి 1 నుంచి పెద్ద ఎత్తున మార్చారు. అంతకు ముందు రాసిన ఒప్పంద చట్ట గ్రంథంలో కనిపించే సెక్షన్ సంఖ్యను నేటి పాఠంతో పోల్చి చూడకుండా ఉటంకించకూడదు.

ఒక నిబంధనను ఉటంకించేటప్పుడు జర్మన్లు అధికరణ లేదా సెక్షన్, క్లాజు, వాక్యం, అంశం అనే వరుసలో చాలా సూక్ష్మంగా చెబుతారు. 5వ అధికరణ 1వ క్లాజు మొదటి వాక్యం అభిప్రాయ స్వేచ్ఛ, అదే అధికరణ 2వ క్లాజు దానికి ఉన్న పరిమితి. "5వ అధికరణ" అని మాత్రమే రాస్తే మీరు దేని గురించి మాట్లాడుతున్నారో జర్మన్ పాఠకుడికి తెలియదు.

తీర్పును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి

ఈ మెట్టు మీద మిగిలిన అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టమని గట్టిగా చెబుతాను. పాఠ్యపుస్తకాలు ల్యూట్ తీర్పును రెండు వాక్యాల్లో ముగిస్తాయి. అసలు తీర్పు అధికారిక సంపుటిలో ముప్ఫై పేజీలకు పైగా నడుస్తుంది, అందులో దాదాపు సగం పేజీలు వాస్తవాలకూ వాటి తూకానికీ సంబంధించినవే.

ముందు ఉల్లేఖన పద్ధతి నేర్చుకోండి. రాజ్యాంగ న్యాయస్థానపు అధికారిక తీర్పుల సంపుటాలను బీవెర్ఫ్‌జీఈ అనే సంక్షిప్త నామంతో చూపుతారు. "బీవెర్ఫ్‌జీఈ 7, 198 (205)" అంటే ఏడో సంపుటి, 198వ పేజీలో మొదలయ్యే తీర్పు, అందులో 205వ పేజీ అని అర్థం. తీర్పు సంఖ్య "1 బీవీఆర్ 400/51". మొదటి అంకె మొదటి సెనేట్‌ను, బీవీఆర్ అన్న అక్షరాలు అది రాజ్యాంగ ఫిర్యాదు అన్న సంగతిని, చివరి అంకె దాఖలైన సంవత్సరాన్ని సూచిస్తాయి. బీవీఎల్ అని ఉంటే కింది కోర్టు ఒక చట్టం చెల్లుబాటుపై అనుమానంతో పంపిన ప్రస్తావన. బీవీఎఫ్ అని ఉంటే వ్యాజ్యంతో సంబంధం లేకుండా చట్టాన్నే పరీక్షించమని ప్రభుత్వమో, పార్లమెంటు సభ్యులలో నిర్ణీత సంఖ్యో కోరిన కేసు. కార్ల్స్‌రూహెలోని ఈ కోర్టులో ఎనిమిదేసి మంది న్యాయమూర్తులతో రెండు సెనేట్లు ఉంటాయి. ముగ్గురు న్యాయమూర్తుల ఛాంబర్లు కూడా నిర్ణయాలు ఇస్తాయి, కానీ అవి ఇప్పటికే స్థిరపడిన సూత్రాలను అన్వయించేవే. ఛాంబర్ నిర్ణయాన్ని సెనేట్ తీర్పుతో సమానంగా ఉటంకించిన వ్యాసాన్ని జర్మన్ పరీక్షకుడు ఆ పేజీలోనే నిలదీస్తాడు.

ఇప్పుడు తీర్పులోకి వెళ్దాం. ఎరిష్ ల్యూట్ హాంబుర్గ్ ప్రభుత్వ పత్రికా విభాగానికి అధిపతి. నాజీ కాలంలో, 1940లో, యూదు ద్వేషాన్ని రెచ్చగొట్టే ప్రచార చిత్రం తీసిన దర్శకుడు ఫైట్ హార్లాన్, యుద్ధం తరువాత మళ్లీ ఒక ప్రేమకథా చిత్రంతో తెర మీదికి వచ్చాడు. మానవత్వానికి వ్యతిరేకమైన నేరం ఆరోపణపై అప్పటికే విచారణ జరిగి అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. 1950 సెప్టెంబరులో హాంబుర్గ్‌లో జరిగిన చలనచిత్ర వారోత్సవంలో ల్యూట్ మాట్లాడుతూ ఇలాంటి వ్యక్తి జర్మన్ సినిమాకు ప్రతినిధి కాకూడదన్నారు. తరువాత ఒక బహిరంగ లేఖలో ఆ చిత్రాన్ని చూడకపోవడం సజ్జనులైన జర్మన్ల హక్కు మాత్రమే కాదు, కర్తవ్యం కూడా అని రాశారు. నిర్మాణ, పంపిణీ సంస్థలు కోర్టుకు వెళ్లాయి. హాంబుర్గ్ ప్రాంతీయ న్యాయస్థానం 1951 నవంబరు 22న బీజీబీ 826వ సెక్షన్ కింద ల్యూట్ బహిష్కరణ పిలుపును నిషేధించింది. సదాచారానికి విరుద్ధమైన రీతిలో మరొకరికి కావాలని నష్టం కలిగించినవాడు పరిహారం చెల్లించాలని ఆ సెక్షన్ చెబుతుంది. 1900 నుంచి సారం మారని నిబంధన అది.

రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. ఎలా కొట్టివేసిందో చూడాలంటే పెన్సిల్ తీసుకొని మూడు చోట్ల గీత పెట్టండి. 204, 205 పేజీల్లో కోర్టు ముందుగా ప్రాథమిక హక్కులు ప్రధానంగా రాజ్యం నుంచి పౌరుణ్ణి కాపాడే రక్షణ హక్కులే అని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, ఈ హక్కుల అధ్యాయం విలువల విషయంలో తటస్థమైనది కాదని, అది ఒక వస్తుగతమైన విలువల వ్యవస్థను నెలకొల్పిందని, చట్టంలోని అన్ని రంగాలకూ అది వర్తిస్తుందని చెబుతుంది. 206వ పేజీలో ఆ విలువలు పౌర చట్టంలోకి ప్రవేశించే దారి ఏదో చెబుతుంది: సదాచారం వంటి విస్తృత నిబంధనలే ఆ ద్వారాలు. 208, 209 పేజీల్లో అభిప్రాయ స్వేచ్ఛ ప్రజాస్వామ్య వ్యవస్థకు పునాది వంటిదని, దాన్ని పరిమితం చేసే చట్టాన్ని కూడా తిరిగి ఆ స్వేచ్ఛ వెలుగులోనే చదవాలని అంటుంది.

ఈ మూడు చోట్లూ గుర్తించిన తరువాత ఎక్కువ మంది పుస్తకం మూసేస్తారు. మీరు మూయకండి. చివరి పేజీల్లో కోర్టు ల్యూట్ ఉద్దేశాన్ని, ఆయనకు ఆ అంశంతో ఉన్న సంబంధాన్ని, ఆయన చేతిలో బలవంతపు సాధనం ఏదైనా ఉందా అన్నదాన్ని, హార్లాన్ జీవనోపాధికి కలిగే దెబ్బను ఒక్కొక్కటిగా తూకం వేస్తుంది. సూత్రం అక్కడ పనిచేస్తుంది. తరువాతి కేసుల్లో ఫలితం ఎందుకు మారిందో ఈ పేజీలు చదివినవారికి మాత్రమే అర్థమవుతుంది.

తీర్పును ఒంటరిగా వదలకండి, దాని వరుసను కట్టండి

ఒక తీర్పు చెప్పిన సూత్రం ఎంత దూరం వెళ్తుందో దాని తరువాతి తీర్పులే చెబుతాయి. ల్యూట్ పక్కన తప్పక పెట్టవలసినది 1969 ఫిబ్రవరి 26 నాటి బ్లింక్‌ఫ్యూర్ నిర్ణయం, బీవెర్ఫ్‌జీఈ 25, 256. తూర్పు జర్మనీ రేడియో కార్యక్రమాల పట్టికను ప్రచురించిన ఒక చిన్న వారపత్రికను అమ్మవద్దని పెద్ద పత్రికా సంస్థ అమ్మకందారులకు లేఖలు పంపింది, అమ్మితే తమ పత్రికల సరఫరా ఆగిపోవచ్చన్న బెదిరింపు అందులో ఉంది. ఇదీ బహిష్కరణ పిలుపే, ఇదీ రాజకీయ కారణంతో ఇచ్చినదే. కానీ ఆర్థిక ఒత్తిడితో ఎదుటివాడి గొంతు నొక్కే పిలుపుకు అభిప్రాయ స్వేచ్ఛ రక్షణ ఉండదని కోర్టు తేల్చింది. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి తేడా ఎక్కడుందో రెండు పేజీల్లో రాయడం, నా దృష్టిలో, ఈ అంశంలో అడుగుపెట్టేవారికి అన్నిటికంటే మంచి అభ్యాసం.

తరువాత ఒప్పంద చట్టానికి రండి. 1993 అక్టోబరు 19 నాటి హామీదారు కేసు, బీవెర్ఫ్‌జీఈ 89, 214, ప్రైవేటు చట్టంలోని వారిని ఎంతో కలవరపెట్టింది. ఆస్తిపాస్తులు లేని, చిన్న ఆదాయం గల ఇరవై ఒక్కేళ్ల యువతి తండ్రి వ్యాపార రుణానికి లక్ష మార్కుల దాకా హామీ సంతకం చేసింది. సివిల్ వ్యాజ్యాల్లో అత్యున్నతమైన ఫెడరల్ సుప్రీంకోర్టు బ్యాంకు పక్షం వహించింది. ఒప్పందంలో ఒక పక్షం నిర్మాణపరంగా బలహీనమైనదైతే, ఫలితం ఆ పక్షానికి మరీ భారమైతే, సివిల్ కోర్టులు సదాచారానికి సంబంధించిన 138వ సెక్షన్‌నూ, సద్భావానికి సంబంధించిన 242వ సెక్షన్‌నూ ఉపయోగించి జోక్యం చేసుకోవాలని రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించింది. ల్యూట్‌లో మాట్లాడే స్వేచ్ఛ కోసం తెరిచిన ద్వారం ఇక్కడ ఒప్పంద స్వేచ్ఛను సరిదిద్దడానికి ఉపయోగపడింది. 2018 ఏప్రిల్ 11న వచ్చిన స్టేడియం నిషేధం నిర్ణయం, బీవెర్ఫ్‌జీఈ 148, 267, ఇంకో అడుగు ముందుకు వేసింది. పెద్ద సంఖ్యలో ప్రజలకు తెరిచి ఉంచిన క్రీడా కార్యక్రమం నుంచి ఒక ప్రేక్షకుణ్ణి తగిన కారణం లేకుండా బయట పెట్టే స్వేచ్ఛ ప్రైవేటు నిర్వాహకుడికి కూడా లేదని, దానికి 3వ అధికరణలోని సమానత్వం అడ్డు వస్తుందని అది చెప్పింది.

1998 తరువాతి తీర్పులు చాలావరకు రాజ్యాంగ న్యాయస్థానపు సొంత వెబ్‌సైట్‌లో పూర్తి పాఠంతో ఉన్నాయి. ముఖ్యమైన వాటికి ఇంగ్లిష్ అనువాదం కూడా ఉంటుంది. పాత తీర్పులు బెర్న్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే జర్మన్ భాషా తీర్పుల భాండాగారంలో సంపుటి పేజీ సంఖ్యలతో సహా దొరుకుతాయి. అనువాదం చదివి దారి పట్టండి, కానీ మీ వ్యాసంలో ఉటంకించే ప్రతి వాక్యాన్నీ జర్మన్ మూలంతో సరిచూడండి. యంత్రానువాదం ఒక పేరా దేని గురించో తెలుసుకోవడానికి పనికొస్తుంది, వాదన దాని మీద నిలబెట్టడానికి పనికిరాదు.

వ్యాఖ్యానాలు, పత్రికలు: ఎవరి మాటకు ఎంత బరువు

జర్మన్ న్యాయశాస్త్రంలో వ్యాఖ్యాన గ్రంథానికి ఉన్న స్థానం మనకు కొత్తగా అనిపిస్తుంది. చట్టంలోని ప్రతి సెక్షన్ కిందా తీర్పులనూ పండితుల అభిప్రాయాలనూ పేర్చి, ఏది అధిక సంఖ్యాకుల అభిప్రాయమో ఏది అల్పసంఖ్యాకులదో చెప్పే గ్రంథాలివి. కోర్టులు వాటిని పేరు పెట్టి ఉటంకిస్తాయి. మీరు 826వ సెక్షన్ మీద పని చేస్తుంటే ముందు ఒక చిన్న వ్యాఖ్యానం, తరువాత ఒక పెద్ద వ్యాఖ్యానం తెరవండి. అధిక సంఖ్యాకుల అభిప్రాయమని రాసి ఉంటే దాని కింద ఇచ్చిన పేర్లను తీసి చూడండి. కొన్నిసార్లు ఆ పేర్లన్నీ ఒకే పాత వ్యాసాన్ని ఉటంకిస్తూ ఉంటాయి. అది కనిపెట్టడమే ఒక పరిశోధనా ఫలితం.

గ్రంథాల పేర్ల విషయంలో ఒక ముఖ్యమైన మార్పు తెలుసుకోవాలి. బీజీబీకి వాడుకలో ఉన్న చిన్న వ్యాఖ్యానాన్ని దశాబ్దాల పాటు పాలాండ్ట్ అని పిలిచారు. ఓట్టో పాలాండ్ట్ నాజీ ప్రభుత్వంలో న్యాయ పరీక్షల కార్యాలయానికి అధిపతి. 2021లో ప్రచురణకర్త ఆ పేరును తీసేసి గ్ర్యూనెబెర్గ్ అని మార్చాడు. గ్రుండ్‌గెజెట్జ్ మీది మౌన్ట్స్, డ్యూరిగ్ వ్యాఖ్యానానికీ మొదటి పేరు అప్పుడే పోయింది. పాత వ్యాసంలో పాలాండ్ట్ అని, కొత్త వ్యాసంలో గ్ర్యూనెబెర్గ్ అని ఉంటే అది ఒకే గ్రంథపు వేర్వేరు ముద్రణ. మీ ఉల్లేఖనలో మీరు చూసిన ముద్రణ పేరు, సంవత్సరం, ఆ సెక్షన్ రాసిన రచయిత పేరు మూడూ ఉండాలి.

పత్రికల్లో, పౌర చట్టానికి 1818 నుంచి వస్తున్న "ఆర్ఖివ్ ఫ్యుర్ డీ సివిలిస్టిషె ప్రాక్సిస్", ప్రజా చట్టానికి "ఆర్ఖివ్ డెస్ ఎఫెంట్లిషెన్ రెష్ట్స్" పెద్ద వ్యాసాలకు నెలవులు. వారం వారం వచ్చే "నోయె యురిస్టిషె వోఖెన్‌ష్రిఫ్ట్" కొత్త తీర్పులకు, చిన్న విమర్శలకు. విద్యార్థుల కోసం వచ్చే పత్రికలు ఒక వివాదాన్ని చక్కగా విప్పి చెబుతాయి కనుక మొదటి వారంలో వాటిని చదవండి, తుది వ్యాసంలో మాత్రం ఆధారంగా చూపకండి. చెల్లింపు డేటాబేసులు మీ కళాశాలలో లేకపోతే నిరాశ పడనవసరం లేదు. హైడెల్‌బెర్గ్‌లో ప్రజా చట్టానికి, హాంబుర్గ్‌లో ప్రైవేటు చట్టానికి, ఫ్రాంక్‌ఫుర్ట్‌లో న్యాయ చరిత్రకూ న్యాయ సిద్ధాంతానికీ ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థల గ్రంథాలయాలకు విదేశీ పరిశోధకులు వెళ్లి పని చేసుకునే వీలుంది. కొద్ది నెలల బసకు జర్మన్ విద్యా వినిమయ సంస్థ అయిన డీఏఏడీ ఉపకార వేతనాలను పరిశీలించండి. దరఖాస్తులో వారు ముందుగా చూసేది మీరు మొదటి మెట్టులో రాసుకున్న ఆ ఒక్క పేజీ ప్రశ్ననే.

సిద్ధాంతాన్ని మనుషులతో, కాలంతో కలిపి చదవండి

"వస్తుగతమైన విలువల వ్యవస్థ" అన్న మాట కోర్టు గాలిలోంచి తీసుకోలేదు. 1920లలో, వైమార్ గణతంత్ర కాలంలో, రాజ్యాంగమంటే ఏమిటన్న దానిపై తీవ్రమైన వాదం నడిచింది. హన్స్ కెల్సెన్ చట్టాన్ని రాజకీయాల నుంచీ నైతికత నుంచీ వేరు చేసి నియమాల శ్రేణిగా చూశాడు. రుడాల్ఫ్ స్మెండ్ 1928లో, రాజ్యాంగం సమాజాన్ని విలువల చుట్టూ నిరంతరం ఏకం చేసే ప్రక్రియ అని వాదించాడు. కార్ల్ ష్మిట్ నిర్ణయాధికారాన్ని కేంద్రంగా పెట్టాడు. ల్యూట్ తీర్పులో స్మెండ్ ఆలోచన నీడ స్పష్టంగా కనిపిస్తుంది. తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, ష్మిట్ శిష్యుడు ఎర్న్‌స్ట్ ఫోర్స్ట్‌హోఫ్, విలువల పేరుతో రాజ్యాంగ పాఠాన్ని కరిగించేస్తున్నారని విమర్శించాడు. తరువాతి తరంలో, స్వయంగా రాజ్యాంగ న్యాయమూర్తిగా పనిచేసిన ఎర్న్‌స్ట్ వోల్ఫ్‌గాంగ్ బ్యోకెన్‌ఫ్యోర్డె, ఈ దారిలో వెళ్తే శాసనసభ పని కోర్టు చేతుల్లోకి పోతుందని హెచ్చరించాడు. 1985లో రాబర్ట్ ఆలెక్సీ విలువలను సూత్రాలుగా మార్చి, తూకం వేసే పద్ధతికి ఒక తర్క నిర్మాణం ఇచ్చాడు.

ప్రైవేటు చట్టం వైపు వాదం మూడు పాయలుగా నడిచింది. ఫెడరల్ కార్మిక న్యాయస్థానం తొలి అధ్యక్షుడు హన్స్ కార్ల్ నిప్పర్‌డై ప్రాథమిక హక్కులు ప్రైవేటు వ్యక్తులను నేరుగా బంధిస్తాయన్నాడు, 1954లో ఆ న్యాయస్థానం కూడా అదే దారి పట్టింది. గ్యుంటర్ డ్యూరిగ్ 1956లో దానికి ఎదురుగా, విస్తృత నిబంధనల ద్వారా పరోక్షంగా మాత్రమే అవి ప్రవేశించాలన్నాడు. ల్యూట్ తీర్పు స్వీకరించినది ఈ రెండోదాన్నే. 1984లో క్లాస్ విల్హెల్మ్ కనారిస్, న్యాయమూర్తి రాజ్యంలో భాగం కనుక ఆయనకు హక్కులను కాపాడే బాధ్యత ఉందని, ఆ బాధ్యత నుంచే ఈ ప్రభావం మొత్తాన్ని వివరించవచ్చని చూపించాడు. హామీదారు కేసును అర్థం చేసుకోవడానికి నాకు ఈ మూడో వివరణే అన్నిటికంటే బలంగా తోస్తుంది. ఎందుకంటే అక్కడ లోపం బ్యాంకు చేసిన పనిలో కంటే కోర్టులు చూస్తూ ఊరుకోవడంలో ఎక్కువగా ఉంది.

ఒక రచయిత మాటను తీసుకునే ముందు ఆయన 1933 నుంచి 1945 దాకా ఎక్కడ ఉన్నాడో, ఏమి రాశాడో చూడటం ఈ రంగంలో తప్పనిసరి పని. కెల్సెన్‌ను కొలోన్ విశ్వవిద్యాలయం నుంచి తొలగించారు. గుస్టావ్ రాడ్‌బ్రుఖ్‌ను హైడెల్‌బెర్గ్ నుంచి తొలగించారు, 1946లో ఆయన రాసిన వ్యాసమే భరించరాని అన్యాయంతో నిండిన చట్టం చట్టంగా నిలబడదన్న ప్రసిద్ధ సూత్రానికి మూలం. మరోవైపు, యుద్ధానంతరం పద్ధతి శాస్త్రంపై ప్రామాణిక గ్రంథం రాసిన కార్ల్ లారెంట్స్ నాజీ కాలంలో కీల్ నగరపు పండిత బృందంలో ఒకడు. చట్ట పాఠం మారకుండానే వ్యాఖ్యానంతో ప్రైవేటు చట్టాన్నంతా కొత్త పాలకుల వైపు ఎలా తిప్పారో 1968లో బెర్న్ట్ ర్యూటర్స్ విపులంగా చూపించాడు. సదాచారం, సద్భావం అన్న విస్తృత నిబంధనలే అప్పుడూ దారి ఇచ్చాయి. మీ వ్యాసంలో విస్తృత నిబంధనలను ప్రశంసించే ప్రతి చోటా ఈ చరిత్రకు జవాబు చెప్పి తీరాలి.

ఇంకా వెనక్కి వెళ్లవలసి వస్తే, 19వ శతాబ్దంలో సావిన్యీ, పుఖ్టా, విండ్‌షైడ్ అనే న్యాయ పండితులు రోమన్ చట్టం నుంచి నిర్మించిన భావనల వ్యవస్థను, దాన్ని యేరింగ్ విమర్శించిన తీరును చదవాలి. బీజీబీ తయారీ సమయపు పత్రాలు ముద్రణలో ఉన్నాయి: 1888లో వెలువడిన తొలి ముసాయిదాకు కారణాల సంపుటాలు, రెండో కమిషన్ చర్చల నివేదికలు. 826వ సెక్షన్‌ను ఎందుకంత వెడల్పుగా రాశారో తెలుసుకోవాలంటే అక్కడికే వెళ్లాలి. ల్యూట్ ప్రశ్నకు మాత్రమే పరిమితమైతే ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడనవసరం లేదు.

భారతదేశంతో పోల్చేటప్పుడు దారం ఎక్కడుందో చూపండి

పోలిక అధ్యాయం మన విద్యార్థులు ఇష్టంగా రాస్తారు, అక్కడే నియమం తప్పుతారు. రెండు దేశాల్లో ఒకే రకమైన మాట కనబడితే ఒకటి మరొకదాని నుంచి వచ్చిందని రాసేస్తారు. నిజంగా దారం ఉన్న చోటు ఒకటుంది. హైడెల్‌బెర్గ్ దక్షిణాసియా సంస్థలో పనిచేసిన డీటర్ కాన్రాడ్ 1965 ఫిబ్రవరిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో రాజ్యాంగ సవరణాధికారానికి అంతర్లీన పరిమితులపై ఉపన్యసించాడు. ఆయన వెనుక ఉన్నది గ్రుండ్‌గెజెట్జ్ 79వ అధికరణ 3వ క్లాజు, అంటే మానవ గౌరవాన్నీ ప్రజాస్వామ్య మూలాలనూ సవరణకు అతీతంగా ఉంచిన నిబంధన. ఆ వాదన గోలక్‌నాథ్ కేసులో న్యాయవాది ఎం.కె. నంబియార్ ద్వారా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. రాజమహేంద్రవరానికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1967 ఫిబ్రవరి 27న ఇచ్చిన మెజారిటీ తీర్పు 13వ అధికరణ ఆధారంగా సాగింది, అంతర్లీన పరిమితుల వాదనలో బలం ఉందని గుర్తిస్తూనే దాన్ని తేల్చలేదు. 1973 ఏప్రిల్ 24 నాటి కేశవానంద భారతి తీర్పులో జస్టిస్ ఖన్నా కాన్రాడ్ మాటను నేరుగా ఉటంకించాడు. కాబట్టి "గోలక్‌నాథ్ జర్మన్ సిద్ధాంతాన్ని స్వీకరించింది" అని రాస్తే తప్పు, "వాదన 1967లో వినిపించింది, 1973లో తీర్పు పాఠంలోకి వచ్చింది" అని రాస్తే సరి.

మన ల్యూట్ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది 2023 జనవరి 3 నాటి కౌశల్ కిశోర్ తీర్పు. 19, 21 అధికరణల కింది హక్కులను రాజ్యేతర వ్యక్తులపైనా అమలు చేయమని కోరవచ్చని నలుగురు న్యాయమూర్తులు అన్నారు, జస్టిస్ నాగరత్న విభేదించారు. జర్మనీ కోర్టు పరోక్ష మార్గంతో ఆగిపోయిన చోట మన కోర్టు ప్రత్యక్ష మార్గం పట్టింది. మన రాజ్యాంగంలో 15వ అధికరణ 2వ క్లాజు, 17, 23 అధికరణలు పాఠంలోనే ప్రైవేటు వ్యక్తులను బంధిస్తాయి, గ్రుండ్‌గెజెట్జ్‌లో అలాంటి నిబంధనలు చాలా అరుదు, కార్మిక సంఘాల స్వేచ్ఛకు సంబంధించిన 9వ అధికరణ 3వ క్లాజు వంటివి మాత్రమే. అస్పృశ్యతను నిషేధించవలసి వచ్చిన రాజ్యాంగానికీ, రాజ్యం చేసిన ఘోరాల నుంచి పుట్టిన రాజ్యాంగానికీ ఈ విషయంలో తేడా ఎందుకుందో వివరించగలిగితే ఆ అధ్యాయం పోలికల పట్టికగా మిగలదు.

రాయడం, సరిచూడటం

జర్మన్ విద్యార్థులకు మొదటి సంవత్సరం నుంచే ఒక శైలి నేర్పుతారు: ప్రశ్న వేసి, వర్తించే నిబంధనను పేర్కొని, దాని షరతులను ఒక్కొక్కటిగా పరీక్షించి, చివరికి ఫలితం చెప్పడం. కోర్టు తీర్పు దీనికి తలకిందులుగా, ఫలితంతో మొదలై కారణాలకు వెళ్తుంది. మీ వ్యాసంలో వివాదాస్పదమైన భాగాలకు మొదటి శైలి, వివాదం లేని భాగాలకు రెండో శైలి వాడండి. ప్రతి అభిప్రాయానికీ దాని ఎదుటి అభిప్రాయాన్ని అత్యంత బలమైన రూపంలో చెప్పిన తరువాతే మీ నిర్ణయం రాయండి.

చివరగా, ముసాయిదా పూర్తయ్యాక ఒక రోజంతా ఉల్లేఖనల కోసమే కేటాయించండి. ప్రతి సెక్షన్‌కూ తేదీ సరైనదేనా, ప్రతి తీర్పుకూ పేజీ సరైనదేనా, అది సెనేట్ తీర్పా ఛాంబర్ నిర్ణయమా, మరో రచయిత ద్వారా తెలుసుకున్న మాటను మూలంలో చూశారా అని ఒక్కొక్కటి తెరిచి చూడండి. మూలంలో చూడలేకపోయిన ఉల్లేఖనను తీసేయండి. ఆ తరువాతే ముసాయిదాను మీ పర్యవేక్షకుడికి, వీలైతే జర్మన్ ప్రైవేటు చట్టం తెలిసిన మరొకరికి పంపండి. ఇద్దరికీ ఒకే ప్రశ్న వేయండి: విస్తృత నిబంధనల గురించి నేను చెప్పినది ల్యూట్ 206వ పేజీ దాటి వెళ్లిందా, వెళ్లి ఉంటే ఏ ఆధారంతో?